రోజీ కూర్చున్న చోటు

బాపట్ల,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మీకి,

నీ అయాజ్ సలాములు. నేనిక్కడ బాగానే ఉన్నాను. తెనాలిలో నీ కోడలు నౌషీన్, పాప కులాసాగా ఉన్నారని పొద్దున ఫోన్లో విన్నాను. నువ్వూ, చెల్లి ఇష్రత్ వాళ్ళూ, మీ వీధి చివర నీ మరదలు జరీనా ముమానీ కూడా బాగున్నారనే నమ్మకంతో రాస్తున్నాను. నీ ఉత్తరం బుధవారం అందింది. అక్షరాలు కాస్త వంకర పోతున్నాయని నువ్వే రాశావు గానీ, నాకు ప్రతి మాటా తెలిసింది.

ఫోన్లో నీకు వినపడటం లేదు. నేనేం చెప్పినా ఇష్రత్ నీ చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వస్తోంది. అందుకని ఉత్తరం రాయమన్నావు. ఒక రకంగా అదే మంచిదైంది. అమ్మీ, ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువు. ఇష్రత్ వంటపనిలో ఉన్నప్పుడు, కళ్లజోడు పెట్టుకుని, నెమ్మదిగా చదువు. చదివాక ఎవరికి చూపించాలో, ఎవరికి వద్దో నీ ఇష్టం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున్నే ఐదున్నరకల్లా గ్రౌండులో ఉంటాం. ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి, లేకపోతే కుక్కలు తట్టుకోలేవు. తొమ్మిదికి టిఫిను. మధ్యాహ్నం అన్నంలోకి పప్పో, చేపల పులుసో ఉంటుంది. నా మోచేతి మీద దెబ్బ మానిపోయింది.

కుక్క తగిలితే నమాజుకి ఎలా అని అడిగావు. నాకూ మొదట ఆ బెంగ ఉండింది. ఇక్కడి మసీదులో హజ్రత్ గారిని అడిగాను. పొడిగా ఒళ్ళు తగిలినందుకు ఫరవాలేదన్నారు. నోటి తడి తగిలితే ఆ చోటు కడుక్కుని, ఆ బట్టలు మార్చుకోమన్నారు. "నువ్వు చేసేది ప్రాణాలు నిలబెట్టే పని గదా నాయనా, మనసులో అనుమానం పెట్టుకోకు" అన్నారు. గ్రౌండు బట్టలు వేరే, నమాజు బట్టలు వేరే పెట్టుకున్నాను. నువ్వు దిగులు పడకు.

ఫైరింజను వాళ్ళకి కుక్కలతో ఏం పని అని కూడా అడిగావు. ఇల్లో గోడో కూలినప్పుడు కింద మనిషి ఉన్నాడో లేడో, ఉంటే ఎక్కడున్నాడో వాసనపట్టి చెప్పేవి ఈ కుక్కలు. వాటిని నడిపించేవాళ్ళు డాగ్ స్క్వాడ్ కానిస్టేబుళ్ళు. శ్లాబు కోసి, జాకీలు పెట్టి ఎత్తి, మనిషిని బయటికి తీసేవాళ్ళం మేము. ఇన్నాళ్ళూ వాళ్ళ శిక్షణ వాళ్ళది, మా శిక్షణ మాది. ప్రమాదం జరిగిన చోటనే మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసేవాళ్ళం. వాళ్ళ మాట మాకు అర్థమయ్యేది కాదు, మా తొందర వాళ్ళకి అర్థమయ్యేది కాదు. అందుకని రెండు వారాలు అందరినీ ఒకచోట చేర్చారు. పాత క్వార్టర్లు కూల్చిన స్థలం ఒకటి ఇచ్చారు. శ్లాబు ముక్కలు, ఇటుక గుట్టలు, తలుపుల్లేని గుమ్మాలు, నడిమికి విరిగిన మెట్లు. మాలో ఒకడు వెళ్ళి ఆ గుట్టల కింద దాక్కుంటాడు, కుక్క వచ్చి వెతుకుతుంది. మా కట్టర్ల మోతకి కుక్కలు బెదరకుండా అలవాటు పడాలి. కుక్క పని చేస్తున్నంతసేపూ ఇంజన్లు ఆపి, నోళ్ళు మూసుకుని నిలబడటం మేము అలవాటు చేసుకోవాలి. అమ్మీ, నీళ్ళు కొట్టడం కంటే ఊరికే నిలబడటం మాకు కష్టంగా ఉంది.

నేర్పేది దశరథరామయ్య గారని, విపత్తుల దళంలో ఇరవై ఏళ్ళు చేసి రిటైరైన పెద్దమనిషి. గొంతు పెంచడు. ఎవరైనా తప్పు చేస్తే దగ్గరికొచ్చి, "ఇంకోసారి చేద్దామా నాయనా?" అంటాడు.

మొదటిరోజే ఆయన మమ్మల్ని జతలుగా విడదీశాడు. మా నలుగురికీ నేను లీడింగ్ ఫైర్‌మన్ని. మాకు జత పడింది సామ్యేలు అనే కానిస్టేబులు, అతని కుక్క రోజీ. లేత గోధుమరంగు లాబ్రడార్ అది. ఊరికే మొరగదు. మనిషి వాసన దొరికితే ఆ చోట కూర్చుంటుంది. అప్పుడు మొరుగుతుంది. సామ్యేలుది నిజాంపట్నం వైపు. తండ్రి పడవల మీద వేటకి వెళ్ళేవాడట.

సామ్యేలు నన్ను చూసి నమస్కారం పెట్టాడే గానీ, పలకరించలేదు. మూడురోజులపాటు పనికి అవసరమైన మాట తప్ప ఒక్కటీ మాట్లాడలేదు. నేనూ అతని కళ్ళల్లోకి చూడలేదు. ఎందుకంటే మేమిద్దరం అంతకుముందే ఒకసారి కలిశాం, అమ్మీ. పోయిన అక్టోబరులో, తెనాలిలో, మీరా మామూ మీద ఆ గోడౌను కూలిన రోజు.

ఇక్కడిదాకా రాసి, లేచి కొంచెంసేపు వరండాలో తిరిగి వచ్చాను.

నీ ఉత్తరం చివర ఇలా రాశావు: "నా తమ్ముడు బాధపడకుండా పోయాడు, శ్లాబు పడ్డ క్షణంలోనే ప్రాణం పోయింది అని నువ్వు చెప్పిన మాట పట్టుకునే నేను నిద్రపోతున్నాను బేటా." ఆ వాక్యం చదివిన దగ్గరనుంచీ నాకు అన్నం సయించడం లేదు.

ఆ మాట అబద్ధం అమ్మీ. నేను చెప్పిన అబద్ధం.

జరిగింది జరిగినట్టు చెప్తాను. పై అంతస్తు పడగొడుతుంటే శ్లాబు కూలిందని పదకొండు గంటలకి మా స్టేషనుకి ఫోనొచ్చింది. మేము వెళ్ళేసరికి ఇద్దరు కూలీలు బయటపడి రోడ్డు మీద కూర్చుని వణుకుతున్నారు. ఒకడు కాలు విరిగి పైపైనే చిక్కుకున్నాడు, వాణ్ణి పది నిమిషాల్లో తీశాం. "లోపల మేస్త్రి ఉన్నాడండి" అన్నారు. గోడవారన ఒక నీలం సంచి పడి ఉంది. అందులోంచి గోడ మట్టం చూసే రసమట్టం బయటికి కనిపిస్తోంది, దాని మీద ఎర్ర పెయింటుతో 'మీరా' అని రాసి ఉంది. ఆ అక్షరాలు రాసింది నేనే, పదో తరగతి సెలవుల్లో.

అప్పుడే మా ఆఫీసరు దగ్గరికెళ్ళి, 'సార్, లోపలున్నది మా మేనమామ' అని చెప్పాల్సింది. సొంతవాళ్ళు కింద ఉంటే ఆ మనిషిని పనిలోంచి తప్పించి పక్కన కూర్చోబెడతారు. కాళ్ళూచేతులూ ఆడవు, తొందరపడతారు అని. అది నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. సంచిని కాలితో గోడ వెనక్కి నెట్టేశాను. ఆఫీసరు వీధివైపు గోడ ఎప్పుడు పడుతుందోనని జనాన్ని దూరం జరిపే పనిలో ఉండి, లోపలిపని నాకు అప్పగించాడు.

డాగ్ స్క్వాడు పన్నెండున్నరకి వచ్చింది. అప్పటికి నేను తూర్పు గోడ దగ్గర ఇటుకల్లోంచి పైకి పొడుచుకొచ్చిన నీళ్ళ పైపుకి చెవి ఆనించి ఉన్నాను. లోపలినుంచి చప్పుడు వస్తోంది. టక్ టక్ టక్. ఆగడం. మళ్ళీ టక్ టక్ టక్. "ఇక్కడే! ఇక్కడ తవ్వండి!" అని కేక పెట్టాను. మావాళ్ళు నలుగురూ గునపాలూ కట్టరూ అక్కడికే తెచ్చారు.

అదే సమయంలో రోజీ అటు పడమటి మూలకి వెళ్ళింది. మెట్లు కూలిన చోట రెండు శ్లాబు ముక్కల మధ్య సందులో ముక్కు పెట్టి, కూర్చుని, మొరగడం మొదలుపెట్టింది. సామ్యేలు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సార్, మెట్ల దగ్గర అంటోందండి. గట్టిగానే అంటోంది."

"నా చెవులతో విన్నానయ్యా. మనిషి ఇక్కడున్నాడు."

"ఒక్కసారి మెషిన్లు ఆపిస్తే మళ్ళీ తిప్పి చూపిస్తాను సార్. రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలు ఎవడిస్తాడు? లోపల మనిషి చస్తున్నాడు! నీ కుక్కని తీసుకుని బయటికి నడు, దారికి అడ్డం."

అలా అన్నాను అమ్మీ. నా వెనక నలుగురు మనుషులున్నారు, వాళ్ళలో ఇద్దరైనా మెట్లవైపు వెళ్ళొచ్చు. ఒక్కణ్ణీ పంపలేదు.

తూర్పువైపు గంటా నలభై నిమిషాలు తవ్వాం. ఒంటిగంట దాటాక చప్పుడు ఆగిపోయింది. నేల కనబడేదాకా తవ్వాం, ఏమీ లేదు. అప్పుడు మెట్ల దగ్గరికి వెళ్ళాం. అక్కడ ఇరవై అయిదు నిమిషాల్లో చేరుకున్నాం. మామూ మెట్ల కింద సందులో ఒకవైపు ఒత్తిగిలి ఉన్నాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. కుడిచేతిలో తాపీ ఉంది. పక్కనే గోడలోంచి అదే నీళ్ళ పైపు పోతోంది.

ఆసుపత్రిలో డాక్టరు నాతో మెల్లగా అన్నాడు: "పోయి గంటకి మించి అయ్యుండదు. లోపల రక్తం పోయింది. ముందే తెచ్చుంటే బతికేవాడని ఖాయంగా చెప్పలేను, బతకడనీ చెప్పలేను."

ఆ సాయంత్రం రేపల్లెలో నువ్వూ ముమానీ నా చొక్కా పట్టుకుని "ఎలా పోయాడు రా?" అని అడిగినప్పుడు, "శ్లాబు పడ్డ క్షణంలోనే పోయాడు, ఏమీ తెలియలేదు" అన్నాను. మీకోసం అన్నానని అనుకున్నాను. కానీ అందులో సగం నాకోసమే.

ఆ తర్వాత నన్ను నేను కూడా నమ్మించుకున్నాను. మామూ దొరికిన చోటుకీ, నేను చప్పుడు విన్న చోటుకీ మధ్య ఇరవై అడుగుల దూరముంది. అక్కడ కొడితే ఇక్కడెలా వినపడుతుంది? కాబట్టి నేను విన్నది ఏ ఊచ కదలడమో, పైపులో నీళ్ళు కారడమో అయ్యుంటుంది. మామూ నిజంగానే మొదటే పోయి ఉంటాడు. డాక్టరు పొరబడి ఉంటాడు. ఎనిమిది నెలలు ఇలాగే గడిపాను.

మొన్న శుక్రవారం పొద్దున దశరథరామయ్య గారు మమ్మల్ని ఒక గుట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు. మా జట్టులోని ప్రభుదాసుని ముందే లోపల ఎక్కడో దాచిపెట్టాడు. నాతో కలిపి రెండు జట్లలో ఆరుగురికి తలో సుద్దముక్క ఇచ్చి, "లోపల మనవాడు పైపు మీద కొడతాడు. మనిషి ఎక్కడున్నాడనుకుంటే అక్కడ గుర్తు పెట్టండి" అన్నాడు. ఆరుగురం ఒకరి తర్వాత ఒకరం చెవి పెట్టి విన్నాం. ఆరు గుర్తులూ ఒకేచోట పడ్డాయి. తర్వాత సామ్యేలు రోజీని వదిలాడు. అది మా గుర్తుల వైపు చూడనైనా లేదు. గుట్ట దాటి అవతలికి పోయి, విరిగిన మెట్ల దగ్గర కూర్చుని మొరిగింది. అక్కడ రాళ్ళు తీస్తే ప్రభుదాసు నవ్వుతూ బయటికొచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దశరథరామయ్య గారు అప్పుడే ఇంకో పరీక్ష పెట్టాడు. ఈసారి గాలి అడ్డంగా వీస్తోంది. రోజీ మనిషికి పది అడుగుల అవతల కూర్చుంది, మా చెవులే దగ్గరగా చెప్పాయి. ఆయన అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "కుక్క చూపించేది వాసన బయటికొచ్చే చోటు. మీ చెవి చూపించేది చప్పుడు బయటికొచ్చే చోటు. ఇనుము చప్పుడుని ఎంత దూరమైనా మోసుకుపోతుంది. మనిషి ఎక్కడున్నాడో తేలాలంటే మీరిద్దరూ మాట్లాడుకోవాలి నాయనా. మాట్లాడుకోకపోతే మనిషి పోతాడు."

నేను లేచి కుళాయి దగ్గరికి పోయాను. నన్ను నేను నమ్మించుకున్నదంతా అక్కడితో అయిపోయింది అమ్మీ.

కాసేపటికి సామ్యేలు వచ్చి పక్కన నిలబడ్డాడు. నీళ్ళ చెంబు అందించాడు. ఇక్కడికొచ్చాక మొదటిసారి నన్ను "భాయ్" అని పిలిచాడు.

"ఆ రోజు కూడా పైపేనా భాయ్?"

"అవును."

అతను గట్టు మీద కూర్చున్నాడు. "నేనూ ఆ రోజునుంచీ సరిగ్గా లేను. మీరు పొమ్మంటే నేనెందుకు పోయానా అని. రోజీ రానంది భాయ్. కాళ్ళు తన్నిపట్టి అక్కడే కూర్చుంది. నేను తాడు పట్టి లాక్కెళ్ళాను. మీ ఆఫీసరు దగ్గరికి పోయి ఒక్కమాట చెప్పుంటే సరిపోయేది. కానిస్టేబులు మాట ఎవరు వింటార్లే అనుకుని జీపులో కూర్చున్నాను."

"నీ తప్పేం లేదు సామ్యేలూ."

"ఉంది. మీది పెద్దది, నాది చిన్నది. అంతే."

అతనలా అన్నందుకు నాకు కోపం రాలేదు. ఎనిమిది నెలల్లో నాతో నిజం మాట్లాడిన మనిషి అతనొక్కడే. అప్పుడు చెప్పాను, "ఆయన మా మామూ" అని. అతను నా వైపు తిరిగాడు.

"సొంత మామా? మరి మీ సార్‌తో చెప్పలేదేంటి?"

"చెప్తే పక్కకి పంపేస్తారని."

సామ్యేలు నా చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే దశరథరామయ్య గారికి అంతా చెప్పేశాను. ఆయన తల వంచుకుని విన్నాడు. వచ్చే శుక్రవారం శిక్షణ ఆఖరు. పెద్ద ఆఫీసర్లు వస్తారు. అటువంటి ప్రమాదంలో పనిచేసినవాళ్ళు ఎవరైనా లేచి తమ అనుభవం చెప్పాలని ఆయన ముందే అనుకున్నాడట. "చెప్పగలవా? పేర్లు చెప్పక్కర్లేదు" అన్నాడు.

"పేరుతోనే చెప్తానండి. ఎవరి మామో కూడా చెప్తాను. అది దాచిపెట్టబట్టే కదండీ ఇదంతా."

"పైనుంచి మెమో రావచ్చు. విచారణ పెట్టొచ్చు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకున్నానండి."

"అయితే ముందు ఇంట్లో చెప్పు నాయనా. బయటివాళ్ళ నోటినుంచి వింటే తట్టుకోలేరు."

అందుకని ఈ ఉత్తరం. ఇది నీకు బుధవారమో గురువారమో అందుతుంది. శుక్రవారం నేను వాళ్ళందరి ముందు చెప్తాను. నౌషీన్‌కి నిన్న ఫోన్లో చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "అమ్మీకి చెప్పకుండా ఇంటికి రావద్దు" అంది.

ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. ఈ ఉద్యోగం వచ్చిందే మామూ వల్ల. సెలక్షన్లకి ముందు రెండు నెలలు రేపల్లె కాలవగట్టు మీద పొద్దున్నే నన్ను పరిగెత్తిస్తూ, తను సైకిలు మీద వెనక వచ్చేవాడు. నేను ఆగిపోతే బెల్లు కొట్టేవాడు, తిట్టేవాడు కాదు. ఇప్పుడు ఉద్యోగం పోతుందన్న భయం లేదు. నీ మొహం చూడాలంటేనే భయంగా ఉంది.

శనివారం మధ్యాహ్నం బస్సుకి రేపల్లె వస్తాను. ముమానీకి నేనే చెప్తాను. అది నీ మీద పెట్టను. ఆమె తిట్టినా, గుమ్మంలోకి రానివ్వకపోయినా సరే, ఆమెకి ఆ హక్కుంది. నన్ను క్షమించమని ఆమెకి చెప్పమని నిన్ను అడగను. నువ్వు క్షమించాలనీ అడగను. చెప్పేటప్పుడు నువ్వు పక్కన ఉంటావో, ఉండలేవో, అదొక్కటీ నువ్వే నిర్ణయించుకో.

ఇంకొక్కటి మిగిలింది అమ్మీ. ఇది సామ్యేలుకీ చెప్పలేదు, దశరథరామయ్య గారికీ చెప్పలేదు, నౌషీన్‌కీ చెప్పలేదు. చప్పుడు వినగానే నేనూ నా చేతిలో ఉన్న స్పానర్‌తో పైపు మీద మూడుసార్లు కొట్టాను. లోపలినుంచి వెంటనే మూడు దెబ్బలు బదులొచ్చాయి. నేను రెండు కొట్టాను. అటునుంచి రెండే వచ్చాయి. నాలుగైదుసార్లు అలా జరిగింది. ఊచ కదిలితే అలా బదులు రాదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ ఎనిమిది నెలలు తెలియనట్టు బతికాను.

నీకు ఓదార్పు అవుతుందని రాయడం లేదు. ఇది విన్నాక నీకు నిద్ర పట్టదేమో కూడా. కానీ ఆయన నీ తమ్ముడు. ఆయన ఆఖరి గంట ఎలా గడిచిందో తెలుసుకునే హక్కు నాకంటే నీకే ఎక్కువ. అక్కడ చీకట్లో ఆయన ఒంటరిగా లేడు అమ్మీ. పైన ఎవరో తన చప్పుడు విన్నారని, తనకోసమే తవ్వుతున్నారని ఆయనకి తెలుసు. ఆ విన్నది నేనని మాత్రం తెలియదు.

ఇట్లు,
శనివారం నీ గుమ్మంలో నిలబడబోయే
నీ కొడుకు
అయాజ్